చలికాలంలో ప్రాగ్ పాత నగరం: ఒక్క రోజు నడక ఎలా వేసుకోవాలి

నవంబరు రాగానే నన్ను అందరూ అడిగేది ఒకటే. "క్రిస్మస్ సెలవులకు ప్రాగ్ వెళ్తున్నాం. చేతిలో ఒక్క రోజే ఉంది. ఆ చలిలో నడవగలమా? ఎక్కడ మొదలుపెట్టాలి?" అడిగేవాళ్ళలో జర్మనీలో చదువుకుంటూ డ్రెస్డెన్ నుంచో బెర్లిన్ నుంచో రైలెక్కి వచ్చే పిల్లలుంటారు. ఊరి నుంచి అమ్మానాన్నలను రప్పించుకుని యూరప్ చూపించాలనుకునే వాళ్ళూ ఉంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

నడవొచ్చు. మోకాళ్ళు బాగుంటే పెద్దవాళ్ళు కూడా నడవొచ్చు, మా అమ్మానాన్న నడిచారు. కాకపోతే కొండ మీది కోట దగ్గర మొదలుపెట్టి కిందికి, నది వైపు రావాలి. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. పొద్దున్న పదింటికి పాత నగర కూడలిలో మొదలుపెడతారు, అక్కడి టౌన్ హాల్ గోడ మీది పాత గడియారం చూస్తారు, వంతెన దాటతారు, భోజనం చేసి కోట ఎక్కడం మొదలుపెడతారు. రొప్పుతూ పైకి చేరేసరికి మూడున్నర. చలికాలంలో కోట లోపలి భవనాలు 4 గంటలకే మూసేస్తారు. డిసెంబరులో సూర్యుడు అస్తమించేది కూడా దాదాపు అప్పుడే. ఇక చీకట్లో, మంచు పట్టిన వాలులో, అలిసిన కాళ్ళతో దిగాలి. పడిపోయేవాళ్ళు ఎక్కువగా ఆ దిగుడులోనే పడతారు.

డిసెంబరులో ఇక్కడ పొద్దు 8 గంటలకు పొడుస్తుంది. అంటే మీకున్న పగలు 8 గంటలే. ఏయే చోట్లు చూడాలన్న జాబితా పక్కన పెట్టి, ఏ వెలుతురులో ఎక్కడ ఉండాలి, ఎప్పుడు వెచ్చటి చోట కూర్చోవాలి అన్న లెక్కతో రోజును వేసుకోండి. కింద రాసినదంతా ఆ లెక్క ప్రకారమే.

కావలసినవి

బూట్లతో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ నడక బాగుండటం, పాడవటం బూట్ల మీదే ఆధారపడి ఉంది. ప్రాగ్ కాలిబాటలు చిన్న చిన్న రాతి ముక్కలు ముగ్గులా పేర్చి వేసినవి. చూడటానికి ఎంత అందమో, తడిస్తే అంత జారుడు. వీధుల్లో పరిచిన గుండ్రటి రాళ్ళను చెక్ వాళ్ళు 'పిల్లి తలలు' అంటారు. అడుగున లోతైన గాట్లున్న మెత్తటి రబ్బరు సోల్ బూట్లు కావాలి. అరిగిపోయిన స్పోర్ట్స్ షూ వద్దు, నున్నటి తోలు సోల్ అసలే వద్దు. మందం సాక్సులు వేసుకున్నాక కూడా వేళ్ళు కదిలేంత చోటుండాలి. బిగుతు బూట్లలో రక్తం సరిగ్గా ఆడదు, ఎన్ని సాక్సులు వేసినా కాళ్ళు గడ్డకడతాయి.

మిగతావి ఇవి:

- ఒంటికి అంటుకుని ఉండే థర్మల్స్, పైనా కిందా
- ఉన్ని స్వెటర్ లేదా ఫ్లీస్
- గాలి, తడి లోపలికి రానివ్వని జర్కిన్, తుంటి కిందికి దిగేది
- మంకీ క్యాప్, మఫ్లర్, రెండు జతల గ్లౌజులు (ఒకటి పల్చనిది, ఫోన్ వాడుకోవడానికి)
- అదనంగా ఒక జత ఉన్ని సాక్సులు, ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి
- పెదవులకు వాజలీన్
- పవర్ బ్యాంక్. చలికి ఫోన్ బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది
- చిన్న ఫ్లాస్కులో వేడి నీళ్ళు లేదా టీ
- పాస్‌పోర్ట్
- కొన్ని చెక్ కొరూనా నాణేలు

ఇక్కడ యూరో కాదు, కొరూనా నడుస్తుంది. దాదాపు అన్నిచోట్లా కార్డు తీసుకుంటారు. నాణేలు ముఖ్యంగా బాత్రూముల కోసం.

చీర కట్టుకునే అమ్మలు ఉంటే లోపల థర్మల్ లెగ్గింగ్స్, కింద బూట్లు తప్పనిసరి. కుచ్చిళ్ళు మంచు నీళ్ళలో తడిస్తే రోజంతా ఆ తడి కాళ్ళకు తగులుతూనే ఉంటుంది. ఈ ఒక్క రోజుకు ప్యాంటో సల్వారో వేసుకోమని బతిమాలండి. జీన్స్ కూడా మంచిది కాదు, తడిస్తే ఆరదు.

దశ 1: ముందు రోజు రాత్రి మూడు సంగతులు చూసుకోండి

వాతావరణం. మైనస్ 5 అని కనిపిస్తే భయపడకండి. పొడి చలిలో నడక తేలిక. సున్నాకు అటూ ఇటూ ఊగే రోజే ప్రమాదం. పగలు వాన పడి రాత్రి గడ్డకడితే, తెల్లారేసరికి రాళ్ళ మీద కంటికి కనపడని పల్చటి మంచు పొర ఉంటుంది. అలాంటి రోజు బయల్దేరడం గంట ఆలస్యం చేయండి. దిగేటప్పుడు నేను 6వ దశలో చెప్పిన ట్రామ్ దారి పట్టండి.

వారం. ఆదివారం పొద్దున్న కోటలోని సెయింట్ వైటస్ కెథీడ్రల్‌లో ప్రార్థనలు జరుగుతాయి. చూడటానికి వచ్చినవాళ్ళను మధ్యాహ్నం 12 తర్వాతే లోపలికి పంపుతారు. వీలైతే ఈ నడక ఆదివారం పెట్టుకోకండి.

సెలవులు. డిసెంబరు 24 మధ్యాహ్నం నుంచి పెద్ద దుకాణాలు మూసెయ్యాలని ఇక్కడ చట్టమే ఉంది. 25, 26, జనవరి 1న కూడా తెరవరు. మందులు, బిస్కెట్లు, పిల్లల పాలు ముందే కొనిపెట్టుకోండి. 24 సాయంత్రం ట్రాములు కూడా తక్కువ తిరుగుతాయి.

దశ 2: బట్టలు వేసుకుని పది నిమిషాలు బయట నిలబడండి

ఇది ఎవరూ చేయరు, దయచేసి చేయండి. హోటల్ గుమ్మం బయట కదలకుండా పది నిమిషాలు నిలబడండి. కొద్దిగా చలి వేస్తుంటే సరిగ్గా ఉన్నట్టు, నడక మొదలైతే ఆ చలి పోతుంది. నిలబడినప్పుడే హాయిగా వెచ్చగా ఉంటే ఒక పొర ఎక్కువైంది. నడిస్తే చెమట పడుతుంది, ఆ చెమట చల్లారాక వచ్చే వణుకు మామూలు చలి కన్నా పాడు. పళ్ళు టకటకలాడితే లోపలికి వెళ్ళి ఇంకో స్వెటర్ వేసుకోండి.

మనవాళ్ళు మామూలుగా చేసేది ఒంటికి కాటన్ బనీను, దాని మీద ఒకే ఒక్క లావుపాటి కోటు. కాటన్ చెమటను పట్టుకుని వదలదు. పల్చటి పొరలు మూడు వేసుకుంటే, వెచ్చటి గదిలోకి వెళ్ళినప్పుడు ఒకటి తీసి, బయటికి రాగానే మళ్ళీ వేసుకోవచ్చు.

దశ 3: 22వ నంబరు ట్రామ్ ఎక్కి కొండ పైకి వెళ్ళండి

ఎనిమిదిన్నరకల్లా ట్రామ్‌లో ఉండాలి. నగరం మధ్యలో నారోద్నీ త్రీదా దగ్గరో, నది అవతల మలోస్త్రాన్స్కా దగ్గరో 22వ నంబరు దొరుకుతుంది. 'ప్రజ్‌స్కీ హ్రద్' అన్న స్టాప్ వస్తుంది. అంటే ప్రాగ్ కోట. అక్కడ జనం దిగుతుంటే మీరూ దిగాలనిపిస్తుంది. దిగకండి. ఇంకొంచెం ముందుకు వెళ్ళి 'పొహోర్జెలెట్స్' స్టాప్‌లో దిగండి. అక్కడి నుంచి కోట దాకా దారి దాదాపు దిగుడే.

కాగితం టికెట్ కొంటే అది కొన్నంత మాత్రాన చెల్లదు. ట్రామ్‌లో ఉన్న పసుపు పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. మెట్రోలో అయితే ఎస్కలేటర్ ముందే ఆ పెట్టె ఉంటుంది. ట్రామ్ లోపలి మెషిన్‌లో కార్డుతో కొన్న టికెట్‌కు మాత్రం ముద్ర అక్కర్లేదు. తనిఖీ చేసేవాళ్ళు మామూలు బట్టల్లోనే ఉంటారు, బ్యాడ్జ్ చూపించి అడుగుతారు. "తెలియదండీ" అంటే వదలరు.

22లో జేబుదొంగలు కూడా ఎక్కుతారు. పర్సు జర్కిన్ లోపలి జేబులో పెట్టుకోండి.

దశ 4: స్త్రాహోవ్ నుంచి నగరాన్ని ఒకసారి మొత్తంగా చూడండి

పొహోర్జెలెట్స్ నుంచి కొద్ది నిమిషాల దూరంలో స్త్రాహోవ్ మఠం ఉంది, 1143లో మొదలైనది. దాని వెనకవైపు గోడ దగ్గర నిలబడితే ఎర్రటి పెంకుల కప్పులు, గోపురాలు, నది, అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. రోజంతా మీరు నడవబోయే దారి అంతా అక్కడి నుంచే పిల్లలకు చూపించవచ్చు. "అదిగో, సాయంత్రం అక్కడికి చేరతాం" అని చెబితే వాళ్ళ కాళ్ళకు బలం వస్తుంది. పొగమంచు ఉంటే ఏమీ కనపడదు, ఆగకుండా ముందుకు సాగండి.

పాత పుస్తకాలంటే ఇష్టమున్నవాళ్ళు మఠం గ్రంథాలయాన్ని చూడాలనుకుంటారు. ఒక్క రోజే ఉంటే వదిలేయమంటాను. వదిలేయడం కష్టమే, తెలుసు.

దశ 5: కోటలో మధ్యాహ్నం 12 దాకా

పదింటికల్లా కోట ప్రధాన ద్వారం దగ్గర ఉండాలి. మీరు అనుకున్న వేళకు నడుస్తున్నారా అన్నది ఇక్కడ మొదటిసారి తెలుస్తుంది. లైను ఉండొచ్చు. టికెట్ కొని ముందు కెథీడ్రల్‌కు వెళ్ళండి, జనం పెరిగేది అక్కడే.

దాని పని 1344లో మొదలైంది, పూర్తయింది 1929లో. దాదాపు ఆరు వందల ఏళ్ళు. లోపలికి వెళ్ళాక ఎడమవైపు వరసలో చెక్ చిత్రకారుడు అల్ఫోన్స్ ముఖా గీసిన రంగుటద్దాల కిటికీ కోసం చూడండి. ఆ నీలం, ఆ బంగారు రంగు మబ్బు పట్టిన రోజున కూడా వెలుగుతూనే ఉంటాయి.

ఒక హెచ్చరిక. "గుళ్ళోకి వెళ్తే వెచ్చగా ఉంటుంది" అనుకుంటారు. ఉండదు. ఈ రాతి కట్టడాల లోపల గాలి తగలదు కాని చలి మాత్రం బయటిలాగే ఉంటుంది. పైగా లోపల నెమ్మదిగా నడుస్తాం కాబట్టి కాళ్ళు ఇంకా తొందరగా చల్లబడతాయి. మఫ్లర్ తీయకండి.

తర్వాత పాత రాజభవనం. 1618 మే 23న ఇక్కడే తిరగబడ్డ ప్రొటెస్టెంట్ ప్రభువులు చక్రవర్తి తరఫు పాలకులిద్దరినీ, వాళ్ళ గుమాస్తానూ కిటికీలోంచి బయటికి విసిరేశారు. ముగ్గురూ బతికారు. కాని ఆ గొడవతోనే యూరప్‌లో ముప్ఫై ఏళ్ళ యుద్ధం మొదలైంది. ఆ కిటికీని గుర్తుంచుకోండి, ఈ కథ ముగింపు సాయంత్రం గడియారం కింద మీ కాళ్ళ దగ్గరే కనిపిస్తుంది.

వేళ మిగిలితే బంగారు సందుకు వెళ్ళండి. అక్కడి 22వ నంబరు బుల్లి ఇంట్లో రచయిత ఫ్రాంజ్ కాఫ్కా 1916, 17లలో కూర్చుని రాసుకునేవాడు. వేళ లేకపోతే ముందుగా వదలాల్సింది ఇదే. కోట టికెట్ మర్నాడు కూడా చెల్లుతుంది.

11:50కి మొదటి ఆవరణకు తిరిగి రండి. 12కి కాపలా సైనికులు మారే వేడుక జరుగుతుంది. పిల్లల్ని ముందు వరసలో నిలబెట్టండి. నిలబడ్డంతసేపూ బూట్లలో వేళ్ళు కదిలిస్తూ ఉండమనండి.

దశ 6: నెరుదోవా వీధిలో దిగడం

ఈ రోజంతటిలో జాగ్రత్తగా ఉండాల్సిన అరగంట ఇది. మా నాన్నగారు ఇక్కడే జారారు. మంచి బూట్లే వేసుకున్నారు, కాని చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నారు. జారగానే పట్టుకోవడానికి చేతులు బయటికి రాలేదు. మోచెయ్యి కమిలింది, అంతటితో పోయింది. ఆ రోజు నాకు పట్టిన టెన్షన్ మాత్రం ఇంకా గుర్తుంది.

దిగేటప్పుడు చేతులు జేబుల్లో వద్దు, గ్లౌజులు ఉన్నది అందుకే. అడుగులు చిన్నవి వేయండి, పాదం మొత్తం ఒకేసారి నేలకు ఆనించండి, మడమ ముందు పెట్టకండి. గోడ పక్కనే నడుస్తూ అవసరమైతే గోడ పట్టుకోండి. మంచు కురిసిన మర్నాడైతే పైకప్పుల వైపు కూడా ఒక కన్నేయండి. ఎండ తగిలితే మంచు గడ్డలు జారి పడతాయి. కాలిబాట మీద తాడు కట్టి ఉన్నా, 'పోజోర్' అన్న బోర్డు కనిపించినా ఆ మాటకు అర్థం జాగ్రత్త. అవతలి పక్కకు మారండి.

ఇళ్ళ గుమ్మాల మీది బొమ్మలు చూడాలంటే మాత్రం ఆగి చూడండి, నడుస్తూ వద్దు. 1770లో ఇళ్ళకు నంబర్లు వేయకముందు ప్రతి ఇంటికీ ఒక గుర్తే చిరునామా. ఈ వీధిలో అవి ఇంకా ఉన్నాయి. మూడు వయొలిన్ల ఇల్లు, ఇద్దరు సూర్యుల ఇల్లు. ఈ వీధికి పేరిచ్చిన రచయిత యాన్ నెరుదా ఉన్నది ఆ ఇద్దరు సూర్యుల ఇంట్లోనే.

మంచు మరీ ఎక్కువగా ఉంటే, లేదా మోకాళ్ళ నొప్పులుంటే కోట ఉత్తర ద్వారం నుంచి బయటికి వచ్చి 'ప్రజ్‌స్కీ హ్రద్' స్టాప్‌లో అదే 22 ఎక్కండి. మలోస్త్రాన్స్కే నామ్యెస్తీలో దిగితే నెరుదోవా చివరికే వచ్చినట్టు. ఏమీ పోగొట్టుకోరు.

దశ 7: భోజనం, పూర్తిగా ఒక గంట

మధ్యాహ్నం ఒంటిగంటకు వెచ్చటి హోటల్లో కూర్చోవాలి. "ఆకలి లేదు, ఇంకొంచెం నడిచి తిందాం" అన్న మాట ఎవరన్నా వినకండి. చలిలో ఆకలి, దాహం రెండూ తెలియవు. గంట తర్వాత ఒక్కసారిగా నీరసం వస్తుంది.

వేడి సూపుతో మొదలుపెట్టండి. బంగాళదుంప సూపును బ్రంబొరాచ్కా అంటారు, వెల్లుల్లి సూపును చెస్నెచ్కా. వెల్లుల్లిది మన నోటికి బాగా నచ్చుతుంది. శాకాహారులు 'బెజ్ మాసా' అని అడగండి, మాంసం లేకుండా అని అర్థం. చెక్‌లో 'మాసో', సంస్కృతం నుంచి మనకొచ్చిన 'మాంసం' ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. అందుకే ఒకసారి వింటే మర్చిపోరు. అయినా సూపు అడుగున మాంసం ఉడికించిన నీళ్ళు వాడారేమో విడిగా అడగండి, చాలాచోట్ల వాడతారు. ఏమీ దొరక్కపోతే స్మజెనీ సీర్ ఉంటుంది. పొడి పట్టించి వేయించిన చీజ్ ముక్క, బంగాళదుంపలతో ఇస్తారు.

కూర్చోగానే జర్కిన్, స్వెటర్ రెండూ తీసేయండి. సాక్సులు తడిగా అనిపిస్తే బాత్రూములో మార్చుకోండి. పెద్దవాళ్ళ చేతివేళ్ళు, చెవులు, ముక్కు ఒకసారి చూడండి. ఎర్రగా ఉంటే సరే. తెల్లగా పాలిపోయి, తాకితే స్పర్శ తెలియకపోతే వాళ్ళను అక్కడే కూర్చోబెట్టండి. వేళ్ళు చంకల్లో పెట్టుకుని నెమ్మదిగా వెచ్చబడనివ్వాలి. రుద్దకండి, హీటరుకు ఆనించకండి. స్పర్శ తిరిగి రాకపోతే 112కు ఫోన్ చేయండి.

భోజనం అయ్యాక కార్మెలిత్‌స్కా వీధిలో ఉన్న విజయ మాత గుడికి పది నిమిషాల లోపే చేరతారు. బెంగళూరు వివేక్‌నగర్ బాలయేసు గుడికి వెళ్ళిన తెలుగువాళ్ళకు ఆ రూపం తెలుసు. కిరీటం, పట్టు అంగీ, ఒక చేతిలో గోళం. ఆ రూపానికి మూలమైన ప్రతిమ ఇక్కడే ఉంది. 47 సెంటీమీటర్ల ఎత్తు. పొలిక్సేనా అనే లోబ్కోవిట్జ్ వంశపు రాణివాసపు స్త్రీ 1628లో మఠానికి ఇచ్చింది. పండుగను బట్టి అంగీ రంగు మారుస్తారు. క్రైస్తవ కుటుంబాలను నేను ఇక్కడికి తీసుకెళ్ళినప్పుడు పెద్దవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకోవడం చూశాను. ఇది ప్రార్థన చేసుకునే చోటు. టోపీ తీసి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి వెళ్ళండి.

దశ 8: మూడుంబావుకు చార్లెస్ వంతెన

ఇక్కడ మళ్ళీ వేళ చూసుకోండి. డిసెంబరులో మూడుంబావుకు వంతెన మీద అడుగు పెడితే పగటి వెలుతురు చివరి ముప్పావు గంట మీకు దొరుకుతుంది. జనవరి చివరికి అస్తమయం దాదాపు 4:45కు జరుగుతుంది కాబట్టి ఇంకో ముప్పావు గంట ఆలస్యమైనా పర్వాలేదు.

1342లో వరదకు పాత వంతెన కొట్టుకుపోతే, నాలుగో చార్లెస్ చక్రవర్తి 1357లో దీన్ని మొదలుపెట్టించాడు. పొడవు 516 మీటర్లు. 1841 దాకా ఈ నగరంలో వల్తావా నదిని దాటించిన వంతెన ఇదొక్కటే. రెండు పక్కలా 30 శిల్పాలు. అన్నిటి దగ్గరా ఆగకండి, నది మీద గాలి కోస్తుంది. నెపొముక్ యాన్ అనే క్రైస్తవ మతగురువు శిల్పం దగ్గర మాత్రం ఆగండి. 1393లో ఆయన్ను చంపి నదిలో పడేశారు. కింద ఉన్న ఇత్తడి ఫలకాన్ని జనం తాకీ తాకీ అది బంగారంలా మెరుస్తుంటుంది.

గాలి ఎక్కువగా ఉంటే టోపీ కిందికి లాక్కుని, మఫ్లర్‌తో ముక్కు కప్పుకుని ఆపకుండా దాటేయండి. క్రిస్మస్‌కు ముందు వారాల్లో వెళ్తే సాయంత్రం ఒక మనిషి పాతకాలపు దుస్తుల్లో వచ్చి, పొడవాటి కర్రతో గ్యాస్ దీపాలు ఒక్కొక్కటీ వెలిగించుకుంటూ పోతాడు. ఆ దృశ్యం కోసమైతే చలిలో పావుగంట నిలబడమని నేనే చెబుతాను.

దశ 9: కార్లోవా సందులోంచి గడియారం దగ్గరకు

వంతెన దిగి ట్రామ్ పట్టాలు దాటాలి. ఇక్కడ జీబ్రా గీతలున్నా సరే, ట్రామ్ మీ కోసం ఆగదు. ఈ దేశంలో పాదచారి కన్నా ట్రామ్‌కే ముందు హక్కు. రెండు వైపులా చూసి దాటండి. పట్టాల మీద కాలు పెట్టకండి, తడి ఇనుము మంచు కన్నా జారుతుంది.

ఎడమవైపు పొడుగ్గా కనిపించే గోడ క్లెమెంటీనుమ్ అనే పాత జెసూయిట్ కళాశాలది. అక్కడ 1775 నుంచి ఒక్క రోజు కూడా తప్పకుండా గాలి వేడిని కొలిచి రాస్తున్నారు.

కార్లోవా ఇరుకు, మలుపులు ఎక్కువ, జనం ఎక్కువ. డబ్బు మార్చే కౌంటర్లు వరసగా కనిపిస్తాయి. అలాంటి ఒక చోట బోర్డు మీది రేటు చూసి యూరోలు ఇచ్చి, చేతికి వచ్చింది చూసి నిర్ఘాంతపోయాను. అప్పుడు నాకు తెలియనిది ఇప్పుడు మీకు చెబుతున్నాను. 2019 నుంచి ఉన్న చట్టం ప్రకారం 1000 యూరోల లోపు మార్పిడిని 3 గంటల్లో రద్దు చేసుకోవచ్చు. రసీదు పారేయకండి. ఏటీఎంలో తీసుకుంటే "మీ కరెన్సీలో లెక్క కట్టమంటారా" అని అడుగుతుంది. వద్దు అని నొక్కండి.

గడియారం దగ్గరకు గంట కొట్టడానికి పది నిమిషాల ముందు చేరండి. 1410 నాటిది. గంట కొట్టగానే అస్థిపంజరం గంట లాగుతుంది, పైన రెండు కిటికీల్లో పన్నెండుమంది అపోస్తలుల (యేసు శిష్యుల) బొమ్మలు తిరుగుతాయి, చివర కోడి కూస్తుంది. అంతా నిమిషంలో అయిపోతుంది, ఇంతేనా అనిపిస్తుంది. అందరూ మెడలెత్తి చూస్తున్న ఆ నిమిషమే జేబుదొంగలకు పని వేళ. సంచి ముందుకు వేసుకోండి.

జనం వెళ్ళిపోయాక ఉండి, నిజంగా చూడాల్సింది చూడండి. అన్నిటికన్నా బయటి నల్లటి వలయం మీద పాత లిపిలో బంగారు అంకెలున్నాయి. వాటి మీద బంగారు చెయ్యి చూపించేది పాత చెక్ కాలం. మన పంచాంగం సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెట్టినట్టు, వీళ్ళు సూర్యాస్తమయం నుంచి గంటలు లెక్కపెట్టేవాళ్ళు. ఆ చెయ్యి 24 దగ్గరకు వస్తే పొద్దు గుంకినట్టు. 22 దగ్గర ఉంటే ఇంకా రెండు గంటల వెలుతురుంది. అస్తమయం మారేకొద్దీ ఏడాది పొడవునా ఆ వలయం కూడా కదులుతుంది. మర్నాడు పగటిపూట ఇటు వస్తే, ఇంకా ఎంతసేపు నడవొచ్చో దాన్ని చూసే తెలుసుకోవచ్చు.

ఇప్పుడు కిందికి చూడండి. పాత టౌన్ హాల్ పక్కన నేల రాళ్ళలో 27 తెల్లటి సిలువ గుర్తులున్నాయి. కిటికీ సంఘటనతో మొదలైన తిరుగుబాటు ఓడిపోయాక, 1621 జూన్ 21న దాని నాయకులు 27 మందిని ఇక్కడే చంపారు. మంచు కప్పితే ఇవి కనపడవు, బూటుతో మెల్లగా తుడిచి చూడండి.

దశ 10: సంత, ఇంటికి

క్రిస్మస్ సంత మామూలుగా నవంబరు చివరి నుంచి జనవరి 6 దాకా ఈ కూడలిలో ఉంటుంది. డిసెంబరు 5 సాయంత్రం వెళ్తే సెయింట్ నికొలస్, దేవదూత, దెయ్యం వేషాలు వేసుకున్నవాళ్ళు పిల్లల్ని పలకరిస్తూ తిరుగుతారు. చిన్నపిల్లలు దెయ్యాన్ని చూసి ఏడుస్తారు, ముందే చెప్పి ఉంచండి.

తినేటప్పుడు రెండు జాగ్రత్తలు. నిప్పుల మీద కాల్చే పంది మాంసం ధర బోర్డు మీద 100 గ్రాములకు రాసి ఉంటుంది. అడగకపోతే పెద్ద ముక్క కోసి తూకం వేసి ఇస్తారు, బిల్లు చూసి గుండె ఆగుతుంది. ఎంత కావాలో గ్రాముల్లో ముందే చెప్పండి. రెండోది, గొట్టంలా చుట్టి కాల్చే త్రదెల్నీక్. 'పాత బొహీమియా వంటకం' అని అమ్ముతారు కాని ఈ వంటకం సొంత ఊళ్ళు స్లొవాకియాలోని స్కాలిట్సా, రొమేనియాలోని ట్రాన్సిల్వేనియా వైపు. వేడిగా తింటే బాగుంటుంది, ఐస్‌క్రీం నింపినది చలిలో వద్దు. వేడి వైన్ తాగితే ఒళ్ళు వెచ్చబడినట్టు అనిపిస్తుంది, నిజానికి ఒంట్లో వేడి బయటికి పోతుంది. తాగేవాళ్ళు నడక అంతా అయ్యాకే తాగండి.

వేళ తప్పితే ఏం వదలాలి

పదిన్నరకు కూడా కోట ద్వారం చేరకపోతే బంగారు సందు వదిలేయండి. ఒంటిగంటన్నరకు ఇంకా నెరుదోవాలో ఉంటే, భోజనం నుంచి నేరుగా వంతెనకు వెళ్ళండి. భోజనం మాత్రం వదలకండి. వంతెన చేరేసరికి చీకటి పడితే కంగారేం లేదు. దీపాల వెలుగులో కూడా బాగుంటుంది, ఫోటోలు మాత్రం సరిగ్గా రావు.

ఎవరికైనా వణుకు ఆగకపోయినా, మాట తడబడినా, "నేను రాను, ఇక్కడే కూర్చుంటా" అని మొండికేసినా అది అలసట అనుకోవద్దు. ఒంట్లో వేడి పడిపోతోందని అర్థం. వెంటనే దగ్గరి కాఫీ హోటల్లోకి తీసుకెళ్ళి తడి బట్టలు మార్చి, తియ్యటి వేడి టీ ఇవ్వండి. తేరుకోకపోతే 112, లేదా అంబులెన్స్‌కు 155.

రెండో రోజు దొరికితే యూదుల పేట జోసెఫోవ్‌కు వెళ్ళండి, శనివారం మాత్రం అక్కడి మ్యూజియం, ప్రార్థనా మందిరాలు మూసి ఉంటాయి. జనవరి మధ్యలో వచ్చినవాళ్ళు వెన్సెస్లాస్ చౌక్ పైచివర నేషనల్ మ్యూజియం ముందు నేలలో ఉన్న సిలువ దగ్గరకు వెళ్ళండి. 1969 జనవరి 16న యాన్ పలాఖ్ అనే 20 ఏళ్ళ విద్యార్థి, సోవియట్ సేనలు తన దేశంలో తిష్ఠ వేసినందుకు నిరసనగా అక్కడ నిప్పంటించుకున్నాడు. 19న చనిపోయాడు. ఆ రోజుల్లో అక్కడ మంచులో కొవ్వొత్తులు వెలుగుతుంటాయి.

గదికి చేరాక బూట్లు హీటరు మీద పెట్టకండి, సోల్ ఊడుతుంది. లోపలి అట్ట తీసి, పాత న్యూస్‌పేపర్ ఉండలు చుట్టి బూట్ల నిండా కుక్కండి. పడుకునే ముందు ఒకసారి ఆ పేపరు మార్చండి. తెల్లారేసరికి పొడిగా ఉంటాయి.